ప్రోమో కార్డు ఎప్పుడు, ఎలా బయటికొచ్చిందో తేల్చడం ఎలా?

పాత పోకెమాన్ కార్డు చేతికొస్తే చాలామంది ముందు చూసేది కింది అంచున సన్నటి అక్షరాల్లో ఉన్న సంవత్సరాన్నే. అక్కడ 1995 కనిపించిందంటే చాలు, "1995 నాటి అరుదైన కార్డు" అని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేస్తారు. కానీ ఆ కార్డుల ఆట మొదలైందే 1996 అక్టోబరులో, అదీ జపాన్‌లో. ఇంగ్లిష్ కార్డులు అమెరికా దుకాణాలకు వచ్చింది 1999 జనవరిలో. కాబట్టి 1995లో అచ్చయిన పోకెమాన్ ఆట కార్డు ఎక్కడా లేదు. ఆ అంకె చెప్పేది కాపీరైట్ ఎప్పటి నుంచి లెక్కలోకి వస్తుందన్నది మాత్రమే.

దుకాణంలో ప్యాకెట్లుగా అమ్మిన మామూలు సెట్ కార్డుకు ఈ తికమక త్వరగానే తీరిపోతుంది. సెట్‌కు పేరుంటుంది, విడుదల తేదీ ఉంటుంది. ప్రచారం కోసం విడిగా పంచే ప్రోమో కార్డుతోనే చిక్కంతా. ఒకటి సినిమా టికెట్‌తో ఇస్తారు, ఇంకొకటి పత్రికతో పంచుతారు, మరొకటి వీడియో గేమ్ డబ్బాలో పెడతారు. కూపన్ కత్తిరించి పంపితే నెలల తర్వాత పోస్టులో వచ్చేవీ ఉన్నాయి. ఒకే కార్డు రెండు మూడు దారుల్లో, దేశానికో తేదీన బయటికి రావచ్చు. అందుకే "ఈ కార్డు ఏ సంవత్సరానిది?" అనే ప్రశ్నతో నేను మొదలుపెట్టను. "ఇది దేనితో పాటు జనం చేతికి వచ్చింది?" అని అడుగుతాను. ఆ జవాబు దొరికితే తేదీ దాని వెంటే వస్తుంది.

ఇది ఎక్కడో దూరపు వ్యవహారం అనుకోకండి. వై2కే రోజుల్లో మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ కుటుంబాల పిల్లలు సరిగ్గా ఈ కార్డుల పిచ్చి ముదిరిన కాలంలోనే అక్కడి బడుల్లో చేరారు. వాళ్ల పాత ఆల్బమ్‌లు ఇప్పుడు గరాజ్‌ల్లోంచి, అమ్మమ్మ ఇంటికి చేరిన సూట్‌కేసుల్లోంచి బయటపడుతున్నాయి. వాటిలో ప్రోమోలు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకంటే అప్పట్లో అవి ఉచితంగా పంచినవి.

మొదట కార్డునే చదవండి

గూగుల్ తర్వాత. ముందు కార్డును రెండు వైపులా కనీసం 600 డీపీఐలో స్కాన్ చేయండి. ఫోన్‌తో తీస్తుంటే వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకోండి, మెరిసే ముద్రలు అప్పుడే బాగా కనిపిస్తాయి. నగల దుకాణాల్లో వాడే లాంటి పది రెట్ల భూతద్దం ఒకటి దగ్గరుంచుకోండి. కార్డు ఇంకా సీలు వేసిన కవరులోనే ఉంటే ఆ కవరు చించొద్దు, దానితోనే స్కాన్ చేయండి. ఆ కవరు కూడా సాక్ష్యమే.

తయారుచేసింది ఎవరో ముందు తేల్చండి. 1999లో అమెరికాలో పోకెమాన్ బొమ్మతో వచ్చిన కార్డులన్నీ ఆట కార్డులు కావు. ఆట కార్డులను ఇంగ్లిష్‌లో ముద్రించింది విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్. అదే ఏడాది టాప్స్ కంపెనీ టీవీ సీరియల్ బొమ్మలతో, సినిమా బొమ్మలతో వేరే కార్డులు అమ్మింది. వాటితో ఆట ఆడలేం. బర్గర్ కింగ్ అయితే మొదటి సినిమా సమయంలో బంగారు పూత పూసిన కార్డులు ఆరు రకాలు అమ్మింది. ఆల్బమ్‌లో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి. వేరు చేయకుండా వెతకడం మొదలుపెడితే టాప్స్ కార్డు చరిత్రను విజర్డ్స్ కార్డుకు అంటగట్టేస్తాం.

తర్వాత నంబరు. మామూలు సెట్ కార్డు మీద 4/102 లాగా ఉంటుంది, అంటే 102 కార్డుల్లో నాలుగోది. మొట్టమొదటి సెట్ అయిన బేస్ సెట్‌లో అది చారిజార్డ్ అనే పోకెమాన్. విజర్డ్స్ ప్రోమో మీద ఒంటరిగా 4 అని మాత్రమే ఉంటుంది, సెట్ గుర్తు ఉండాల్సిన చోట లోపల ప్రోమో అని రాసిన నల్ల నక్షత్రం ఉంటుంది. ఆ నాలుగో నంబరు కార్డు పికాచు. కలెక్టర్లు ఈ వరుసను బ్లాక్ స్టార్ ప్రోమోలు అంటారు. విజర్డ్స్ చేతిలో పోకెమాన్ ఉన్నన్నాళ్లూ, అంటే 2003 వరకూ, ఈ వరుసలో 53 కార్డులు వచ్చాయి.

కింది కాపీరైట్ వరుసను అక్షరం వదలకుండా కాగితం మీద ఎత్తి రాసుకోండి. విడుదల తేదీ చెప్పకపోయినా ఏ విడత ముద్రణో పట్టించే శక్తి దానికుంది. బేస్ సెట్‌నే చూడండి: మామూలు ప్రతుల్లో విజర్డ్స్ పేరు పక్కన 1999 అని ఉంటే, బ్రిటన్‌కు పంపిన చివరి విడతలో 1999-2000 అని ఉంటుంది. బొమ్మ అదే, నంబరూ అదే, ఆ ఒక్క అంకెతో దేశం, విడత రెండూ తేలిపోతాయి.

ముద్రలను విడిగా చూడండి. 1999 మేలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 వీడియో గేమ్ ప్రదర్శనలో పంచిన పికాచు దీనికి మంచి ఉదాహరణ. అది బేస్ సెట్ పికాచునే, 58/102 నంబరుతోనే ఉంటుంది, నల్ల నక్షత్రం ఉండదు. బొమ్మ మూలన ఈ3 అని బంగారు రంగు ముద్ర మాత్రం ఉంటుంది. నంబరు చూసి మామూలు కార్డుల డబ్బాలో పడేస్తే అది ప్రోమో అన్న సంగతే మరుగున పడుతుంది.

ఏ దారిలో వచ్చిందో పట్టుకోండి

అసలు పని ఇక్కడే. మ్యూటూ అనే పోకెమాన్‌ను తీసుకోండి. బ్లాక్ స్టార్ వరుసలో మ్యూటూ మూడుసార్లు వస్తుంది: 3, 12, 14 నంబర్లతో. మూడో నంబరు 1999 నవంబరు 10న అమెరికాలో విడుదలైన మొదటి పోకెమాన్ సినిమా థియేటర్లలో పంచిన నాలుగు కార్డుల్లో ఒకటి. మిగతా మూడూ ఎలెక్టబజ్, పికాచు, డ్రాగనైట్. పన్నెండో నంబరు నింటెండో పవర్ పత్రికతో వచ్చింది. పద్నాలుగోది ఆ సినిమా వీడియో క్యాసెట్, డీవీడీలతో వచ్చింది. "మ్యూటూ ప్రోమో ఎప్పటిది?" అని ఎవరైనా అడిగితే నంబరు చెప్పందే జవాబు లేదు. మూడింటికీ మూడు దారులు, మూడు తేదీలు.

దారి తెలిస్తే తేదీ ఎక్కడ వెతకాలో కూడా తెలిసిపోతుంది. థియేటర్లో ఇచ్చినదైతే ఆ దేశంలో సినిమా విడుదల తేదీ చూడాలి. గేమ్‌తో వచ్చినదైతే గేమ్ అమ్మకానికి వచ్చిన రోజు, పత్రికతో వచ్చినదైతే ఆ సంచిక, టోర్నమెంట్‌లో గెలిచినదైతే ఆ పోటీ జరిగిన రోజు. పదో నంబరు మియౌత్ కార్డు, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రం కోసం చేసిన పోకెమాన్ కార్డుల వీడియో గేమ్‌తో వచ్చింది, ఆ ఆట అమెరికాలో 2000 ఏప్రిల్‌లో విడుదలైంది. పదిహేనో నంబరు కూల్ పోరిగాన్ నింటెండో 64 యంత్రం, పోకెమాన్ స్టేడియం ఆట కలిపి అమ్మిన డబ్బాలో వచ్చింది.

ఇక్కడ దేశం పేరు రాయకుండా తేదీ మాత్రం రాస్తే సగం పనే అయినట్టు. మొదటి సినిమా జపాన్‌లో 1998 జూలైలో వచ్చింది, అమెరికాకు పదహారు నెలల తర్వాత చేరింది. ఆ గేమ్ బాయ్ ఆట జపాన్‌లో 1998 డిసెంబరులో, అమెరికాలో 2000 ఏప్రిల్‌లో, యూరప్‌లో 2000 డిసెంబరులో వచ్చింది. "సినిమాతో వచ్చిన కార్డు, 1998" అని ఎక్కడైనా కనిపిస్తే అది జపాన్ సినిమా తేదీని అమెరికా కార్డుకు తగిలించిన వాక్యమేమో అని వెంటనే అనుమానించండి. ఈ రకం పొరపాటు ఒకరి నుంచి ఒకరికి కాపీ అవుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది.

నంబరు వరుసను క్యాలెండర్‌లా చదవడం కూడా అలాంటి పొరపాటే. సినిమా నాలుగు కార్డులకు 2 నుంచి 5 వరకు వేర్వేరు నంబర్లున్నాయి, కానీ థియేటర్లలో పంచింది కలిపే. కాబట్టి రెండు ప్రోమోల మధ్య నంబరును బట్టి "ఇది ముందు, అది తర్వాత" అని రాసేముందు ఒక్కోదానికి విడిగా ఆధారం చూపించండి.

ఒక కార్డుకు ఒకే దారి ఉందని కూడా అనుకోకండి. విజర్డ్స్ కంపెనీదే మరో కార్డుల ఆట మ్యాజిక్: ద గ్యాదరింగ్. దాని కార్డుల్లో నలాత్ని డ్రాగన్ అని ఒకటుంది. 1994లో అట్లాంటాలో జరిగిన డ్రాగన్ కాన్ సభకు వచ్చినవాళ్ల కోసం దాన్ని ముద్రించారు. కార్డు మీద సెట్ గుర్తు కూడా ఆ సభ గుర్తే. ఆ ఊరికి వెళ్లగలిగినవాళ్లకే కార్డు దక్కడం అన్యాయం అని ఆటగాళ్లు గొడవ చేశారు. దాంతో కంపెనీ అదే కార్డును తన డ్యూయలిస్ట్ పత్రికతో కలిపి అందరికీ పంచింది. ఇప్పుడు మీ దగ్గరున్న ప్రతి సభలో ఇచ్చిందా, పత్రికతో వచ్చిందా? కార్డు చెప్పదు. అలాంటప్పుడు రెండు దారులూ రాయాలి. సభలో ఇచ్చిందనే మాట ఎక్కువ ధర పలుకుతుందని దాన్ని ఎంచుకోవడం తప్పు.

కూపన్ కార్డులకు ఇంకో చిక్కుంది. మ్యాజిక్ తొలి నవలల వెనక పేజీలో కూపన్ ఉండేది, కత్తిరించి పంపితే కార్డు వచ్చేది. తర్వాత ఆటగాళ్లు విపరీతంగా వెతికిన మానా క్రిప్ట్ కార్డు మొదట అలా వచ్చిందే. పుస్తకం అచ్చయిన రోజు, కూపన్ గడువు, కార్డు ఇంటికి చేరిన రోజు మూడూ వేర్వేరు. వీటికి ఒక తేదీ కాకుండా "ఫలానా నుంచి ఫలానా లోపు" అని రాయాలి.

ఆనాటి సాక్ష్యం తెచ్చుకోండి

ఇప్పుడు రాసిన జాబితాలు పది ఒకే మాట చెప్పినా అవి పది సాక్ష్యాలు కావు, చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. మీకు కావాల్సింది కార్డు పంచుతున్న రోజుల్లో అచ్చయిన కాగితం, లేదా అప్పుడు నెట్‌లో ఉన్న పేజీ.

పాత పత్రికల స్కాన్ల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడండి. దొరక్కపోతే కార్డు పోయిన పాత సంచికే కొనండి. కార్డు ఉన్న సంచిక ఖరీదు, లేనిది చవక. మీకు కావాల్సింది అందులోని ప్రకటన పేజీ. సంచిక మీది నెలను అమ్మకం తేదీ అనుకోకండి. జపాన్‌లో పోకెమాన్ కార్డులకు పుట్టిల్లు లాంటి కొరోకొరో కామిక్ పత్రిక, కవరు మీదున్న నెలకు ముందు నెల 15వ తేదీనే అమ్మకానికి వస్తుంది. ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన పోకెమాన్ కార్డుగా పేరుపడిన పికాచు ఇలస్ట్రేటర్ చరిత్ర మొత్తం ఆ పత్రిక పేజీల్లోనే ఉంది. 1997, 98లలో జరిపిన బొమ్మల పోటీ విజేతలకు 39 కార్డులు బహుమతిగా ఇచ్చినట్టు అందులోని ప్రకటనల వల్లే తెలిసింది. దుకాణంలో ఎన్నడూ అమ్మని కార్డుకు ఇంత గట్టి లెక్క దొరకడానికి కారణం పత్రిక. ప్రోమోల చరిత్ర వెతికేవాళ్లకు దీనికి మించిన ధైర్యం ఇచ్చే ఉదాహరణ నాకు కనబడదు.

వెబ్ పేజీలకైతే, పాత పేజీల ప్రతులను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటు వాడండి. కంపెనీ పాత సైటు చిరునామా ఇచ్చి, క్యాలెండర్‌లో ఆ ఏడాది ఎంచుకోండి. అక్కడ కనిపించే తేదీ ఆ పేజీని భద్రపరిచిన రోజు. "ఆ రోజుకే కార్డు ప్రకటన ఉంది" అని మాత్రమే దాని అర్థం. విడుదల అంతకుముందే జరిగి ఉండొచ్చు, ఇంకా జరగకపోయీ ఉండొచ్చు. 1990ల మ్యాజిక్ కార్డులకు గూగుల్ గ్రూప్స్‌లో మిగిలిన యూజ్‌నెట్ (ఆనాటి ఇంటర్నెట్ చర్చా వేదిక) చర్చలు బంగారు గని. "ఇవాళ పోస్టులో వచ్చింది" అని తేదీతో సహా రాసిన మామూలు మనుషుల మాటలు అక్కడ ఉన్నాయి.

ప్రభుత్వ కాగితాలను మరవకండి. బర్గర్ కింగ్ బంగారు పూత కార్డుల కాలం తేల్చడానికి అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ నోటీసు ఒకటి సాయపడుతుంది. అదే ప్రమోషన్‌లో బొమ్మలు పెట్టి ఇచ్చిన ప్లాస్టిక్ బంతి చిన్నపిల్లల ముక్కు, నోటి మీద మూసుకుపోయి ఊపిరాడకుండా చేస్తోందని 1999 డిసెంబరు చివర వాటిని వెనక్కి తీసుకున్నారు. బాధ కలిగించే కాగితమే, కానీ తేదీ విషయంలో దానికి తిరుగులేదు.

ఒక కార్డును చివరిదాకా చూద్దాం

ఏన్షెంట్ మ్యూ తీసుకుందాం. కార్డంతా మెరుస్తూ ఉంటుంది. రాతలన్నీ శాసనాల మీద లిపిలా ఉంటాయి, జపనీస్ గానీ ఇంగ్లిష్ గానీ కనబడదు. వెనక వైపు కూడా మామూలు పోకెమాన్ కార్డుల వెనక బొమ్మ కాదు. నంబరు లేదు, నల్ల నక్షత్రం లేదు. కాబట్టి 53 కార్డుల వరుసలో ఇది చేరదు.

దారి: రెండో పోకెమాన్ సినిమా. కథలో కూడా ఆ కార్డు ఒక కలెక్టర్ దగ్గర కనిపిస్తుంది. సినిమా జపాన్‌లో 1999 జూలై 17న, అమెరికాలో 2000 జూలై 21న విడుదలైంది. రెండు చోట్లా ఈ కార్డు బయటికొచ్చింది.

భాషే కనబడని కార్డు ఏ దేశానిదో ఎలా చెప్పడం? భూతద్దం పట్టుకుని కింది కాపీరైట్ వరుసకు రండి. జపాన్ తొలి ముద్రణలో నింటెండో అనే ఇంగ్లిష్ పేరులో మూడో "ఎన్" పడిపోయింది, "నింటెడో" అని అచ్చయింది. ఆ తప్పు కనిపిస్తే మీ ప్రతి జపాన్ తొలి విడతది, అక్కడితో తేలిపోయింది. తప్పు లేకపోతే మాత్రం వెంటనే "అమెరికాది" అని రాయకండి, జపాన్‌లోనే ఆ తప్పు సరిదిద్ది మళ్లీ ముద్రించారు. అప్పుడు చూడాల్సింది కవరు. సీలు వేసిన కవరు ఉంటే దాని మీది భాష చెబుతుంది. విడి కార్డైతే ఇంట్లోవాళ్లను అడగండి: ఎవరు, ఏ ఊళ్లో, ఏ థియేటర్‌కు వెళ్లినప్పుడు తెచ్చారు? ఆ జవాబును వాళ్ల మాటగా రాయండి, కార్డు చెప్పినట్టుగా కాదు. 2019లో మొదటి సినిమా కొత్త రూపం జపాన్ థియేటర్లకు వచ్చినప్పుడు ఈ కార్డును మళ్లీ ముద్రించారు కాబట్టి, కార్డు మీ దగ్గరికి ఎప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యమే. 2005 నాటి ఫొటోలో ఆ కార్డు కనిపిస్తే 2019 ముద్రణ కాదని ఖాయం.

లేబుల్‌ను సాక్ష్యం అనుకోకండి

కార్డును పరీక్షించి, మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే గ్రేడింగ్ కంపెనీ ఆ పెట్టె మీద వేసిన సంవత్సరం, వేలం పాట వివరణలోని వాక్యం చదవండి, కానీ రుజువుగా వాడకండి. గ్రేడింగ్ వాళ్ల ప్రధాన పని కార్డు అసలుదా, ఏ స్థితిలో ఉంది అని చూడటం. ఆ మొదటి పనిలోనూ పొరపాట్లు జరుగుతాయి. 1996లో ఆట తయారీ సమయంలో పరీక్ష కోసం ముద్రించినవని చెప్పిన కొన్ని పోకెమాన్ కార్డులు ఒక పేరున్న గ్రేడింగ్ సంస్థ ధ్రువీకరణతో మార్కెట్లోకి వచ్చాయి. 2025 జనవరిలో కొందరు కలెక్టర్లు ఆ కార్డుల స్కాన్‌లను పెద్దవి చేసి చూస్తే కంటికి కనబడని పసుపు చుక్కలు బయటపడ్డాయి. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి పేజీ మీదా అలాంటి చుక్కలతో యంత్రం సీరియల్ నంబరును, ముద్రించిన తేదీని గుర్తుగా వదులుతాయి. ఆ చుక్కలను విడదీస్తే వచ్చిన ఏడాది 2024.

మీరూ ఈ పరీక్ష చేయవచ్చు. కార్డును ఎక్కువ రిజల్యూషన్‌తో స్కాన్ చేసి, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నీలం చానల్ మాత్రమే ఉంచండి. పసుపు చుక్కలు నల్లగా, గళ్ల వరుసలో కనిపిస్తాయి. నీలం ఎల్‌ఈడీ వెలుతురు కింద భూతద్దంతో చూసినా సరే. ప్రెస్‌లో అచ్చయిన మామూలు కార్డు మీద ఇలాంటి గళ్లు ఉండవు, రంగు చుక్కలు చిన్న చిన్న పువ్వుల ఆకారంలో అల్లుకుని ఉంటాయి. "ప్రోటోటైప్", "టెస్ట్ ప్రింట్" అనే మాటతో ఎవరైనా ప్రోమో అమ్మజూపితే డబ్బు పంపేముందు ఈ స్కాన్ అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

రాసి పెట్టుకోండి

ఒక్కో కార్డుకు ఒక పేజీ చాలు. ఏన్షెంట్ మ్యూకు నేను రాసే పద్ధతి ఇది:

పేరు: ఏన్షెంట్ మ్యూ. నంబరు: లేదు.
దారి: రెండో పోకెమాన్ సినిమా.
సినిమా విడుదల: జపాన్ 1999 జూలై 17, అమెరికా 2000 జూలై 21.
మళ్లీ ముద్రణ: 2019, జపాన్.
ఈ ప్రతి: నింటెండో పేరు సరిగా ఉంది, కవరు లేదు. దేశం తేలలేదు.
ఇంటి మాట: ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు.
సాక్ష్యం: స్కాన్ ఫైలు పేరు, పత్రిక సంచిక, చూసిన తేదీ.

తేలని చోట "తేలలేదు" అనే రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత చూసేవాళ్లు అంచనాతో నింపేస్తారు. స్కాన్‌లు రెండు చోట్ల దాచండి. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పాత వాక్యాన్ని చెరపకుండా, దాని కిందే ఆ రోజు తేదీ వేసి కొత్తది రాయండి.